ఇంటి గడియారాన్ని బట్టి గ్రూప్-2: ఒక దినచర్య తయారీ డైరీ

జూన్ మొదటి వారం, బడులు తెరవకముందు

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2 కొట్టాలి. అందుకు రోజూ తప్పకుండా నడిచే దినచర్య ఒకటి కావాలి. దాన్ని ఎలా కడుతున్నానో, ఏది నిలుస్తుందో, ఏది మార్చాల్సి వస్తుందో ఇందులో రాసుకుంటూ పోతాను. ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకుంటూ చదివే ఆడవాళ్ళు నాలాగే చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. బిడ్డ ఏడో తరగతికి వచ్చింది, బాబు మూడుకు. మా ఆయన మెడికల్ షాపులో పని చేస్తారు, రాత్రి పదిన్నర దాటితే గానీ ఇంటికి రారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు షుగర్, పొద్దున ఏడింటికల్లా తినాలి. ఉద్యోగం మానేసి, కోచింగ్ సెంటర్లు ఉండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకొని చదివే వీలు నాకు లేదు. ఇదే ఇంట్లో, ఇదే ఉద్యోగంతో చదవాలి.

టాపర్ల టైంటేబుళ్ళు చాలా చూశాను. వాళ్ళ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ వాటిలో బియ్యం కడిగే టైము, పిల్లల జడలు వేసే టైము ఉండవు. ఆ పనులు చేసే మనిషి ఇంకొకరు ఉన్న ఇంట్లో తయారైన టైంటేబుళ్ళవి. మా ఇంట్లో ఆ మనిషిని నేనే కాబట్టి, ఆ పనులను కూడా లెక్కలో పెట్టిన టైంటేబుల్ కావాలి.

పరీక్ష సంగతి ఇదీ. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఒక్కో పేపరుకు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు ఒక నిమిషం. నెగెటివ్ మార్కులు లేవు, ఇంటర్వ్యూ తీసేశారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు వీటికంటే ముఖ్యంగా అనిపించింది పోయినసారి తేదీల కథ. 783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబరు, ఆ తర్వాత 2024 జనవరి, మళ్ళీ ఆగస్టు. చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. మూడు నెలల కోసం ప్లాన్ వేసుకున్నవాళ్ళు ఆ ప్లాన్‌ను ఎన్నిసార్లు మొదటికి తెచ్చుకొని ఉంటారో! అందుకే నేను తేదీని చూసి దినచర్య కట్టను. పరీక్ష రేపైనా, రెండేళ్ళకైనా ఇంట్లో ఎవరికీ ఆరోగ్యం చెడకుండా నడవగలిగేదే కడతాను. రోజుకు పన్నెండు గంటల చదువు ఆ షరతుకు నిలవదు.

జూన్ చివర

వారం పాటు ఏమీ మార్చలేదు, ఊరికే రాశాను. ఒక రఫ్ నోటుబుక్కులో అరగంటకొక గడి గీసి, ఆ అరగంట దేనికి పోయిందో రాయడం. పక్కన ఇంకో గడిలో, మధ్యలో నన్ను ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అన్నది. ఎక్కువ పనికొచ్చింది ఈ రెండో గడే.

సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా నాకు ఖాళీ ఉంటుందని ఇంట్లో అందరూ అనుకుంటారు. నోటుబుక్కు చూస్తే ఆ నాలుగు గంటల్లో ఎవరూ పిలవని అరగంట ఒక్కటి కూడా లేదు. టీ, పిల్లల హోంవర్కు, గ్యాస్ బండ వచ్చింది, పక్కింటి వాళ్ళు వచ్చారు, అత్తమ్మ గోలీలు, వంట. పనులు పెద్దవేం కావు గానీ పుస్తకం తీసిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుంది. ఆ టైములో కొత్త పాఠం చదవాలని పెట్టుకుంటే పాఠమూ రాదు, పిల్లల మీద కోపమూ వస్తుంది. అందుకని సాయంత్రాన్ని చదువు లెక్కలోంచి తీసేశాను. ఆ ఒక్క నిర్ణయంతో నా టెన్షన్ సగం తగ్గింది.

ఎవరూ పిలవని ముక్కలు వేరే చోట దొరికాయి. పొద్దున 4.45 నుంచి 6 దాకా ఒకటి. స్కూలు బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఇరవై ఐదేసి నిమిషాలు. బడిలో లీజర్ పీరియడ్ ఒకటి, అదీ రాని టీచరు క్లాసుకు నన్ను పంపకపోతే. రాత్రి పిల్లలు పడుకున్నాక ముప్పావుగంట, కరెక్షన్ కాగితాలు లేని రోజున. ఇవి నా ముడిసరుకు.

ఇంకో సంగతి బయటపడింది. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, పొద్దున ఐదున్నరకు. డ్రమ్ము, బిందెలు నిండేసరికి ఆరు దాటుతుంది. కాబట్టి నాకు రెండు రకాల పొద్దుటిపూటలు ఉన్నాయి: నల్లా ఉన్న రోజు, నల్లా లేని రోజు. ఒకే టైంటేబుల్‌ను ఏడు రోజులకూ రాసుకుంటే అది సగం రోజులు తప్పినట్టే కనపడుతుంది. సోమ, మంగళ అనే వారాల లెక్క వదిలేసి, నల్లా లెక్కతో రెండు టైంటేబుళ్ళు రాశాను.

పొద్దుటి ముక్క ఉంటుందా పోతుందా అన్నది ముందు రోజు రాత్రే తేలిపోతుందని కూడా ఈ వారంలో తెలిసింది. పదిన్నరకు పడుకున్న రోజు అలారం కంటే ముందే మెలకువ వచ్చింది. పదకొండున్నర అయిన రోజు పుస్తకం ముందు కూర్చున్నా అదే పేరా మళ్ళీ మళ్ళీ చదివాను. కాబట్టి నా దినచర్య మొదలయ్యేది 4.45కు కాదు, ముందు రాత్రి 10.15కు. ఆ టైముకు ఫోన్ అత్తమ్మ గదిలో చార్జింగ్‌కు పెట్టడం, లైటు తీయడం. అలారానికి ఫోన్ పనికిరాదు, లేవగానే చేతిలోనే ఉండిపోతుంది. వరంగల్ చౌరస్తాలో ఒక మామూలు టేబుల్ గడియారం కొన్నాను.

జూలై

ఇప్పుడు ముక్కలకు పనులు పంచాలి. చాలామంది ఈ రోజు ఎకానమీ, రేపు పాలిటీ అని సబ్జెక్టులను రోజులకు పంచుతారు. నేను పని స్వభావాన్ని బట్టి పంచాను.

పేపర్-3లో భారత ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి సమస్యలు అని మూడు భాగాలు, యాభయ్యేసి మార్కులు. జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, భూ సంస్కరణల వంటివి తెగకుండా గంట కూర్చుంటేనే ఎక్కుతాయి. బడ్జెట్ సమయంలో రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసే సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ అనే ఆర్థిక నివేదిక చదవాలన్నా అంతే, పట్టికలు పక్కన పెట్టుకొని పోల్చుకుంటూ పోవాలి. కాబట్టి నల్లా లేని పొద్దుటిపూట మొత్తం పేపర్-3కే. నల్లా ఉన్న రోజు ఐదున్నర లోపు దొరికే ముప్పావుగంటలో లాజికల్ రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రిటేషన్ బిట్లు. బిట్టుకు బిట్టు విడిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆపినా నష్టం లేదు.

బస్సులో ఊపుకు చదవలేను, తల తిరుగుతుంది. అందుకే అక్కడ పుస్తకం తీయను. పొద్దున చదివినదాన్ని కళ్ళు మూసుకొని మనసులో తిరిగి చెప్పుకుంటాను. ఎక్కడ ఆగిపోయానో అది చేతి మీద పెన్నుతో రాసుకుంటాను, లీజర్ పీరియడ్‌లో చూసుకుంటాను. దీని వెనక ఒక పరిశోధన ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక పాఠాన్ని చదివించారు. కొందరు దాన్నే మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్ళు చాలా ముందుకు వెళ్ళిపోయారు. చదువుతున్నప్పుడు వచ్చినట్టే అనిపించి, పరీక్ష హాల్లో రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడటం ఎందుకో ఇది చదివాక నాకు స్పష్టంగా అర్థమైంది.

బడిలో నేను చెప్పే పాఠాలే సిలబస్‌లో చాలా భాగం. ఈ నెల పదో తరగతికి భారత రాజ్యాంగం చెబుతున్నాను. పాఠం కోసం ఎలాగూ తయారవ్వాలి కదా, ఆ తయారీని, రాజ్యాంగం వచ్చే పేపర్-2 స్థాయిలో చేస్తున్నాను. పిల్లలకు గ్రామ పంచాయతీ గురించి చెబుతాను. నా నోట్సులో 73వ సవరణ 1992, అమలు 1993 ఏప్రిల్ 24, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. పక్కనే 74వ సవరణ, పన్నెండో షెడ్యూలు, 18 అంశాలు. బోర్డు మీద గీసిన పట్టిక నాకూ గుర్తుండిపోతుంది. ఈ పద్ధతికి అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టదు.

పనులను గడియారానికి కట్టడం కూడా మానేశాను. 9.15కు చదవాలి అని రాసుకుంటే, 9.25 అయ్యేసరికి ఈ రోజుకు అయిపోయిందిలే అనిపిస్తుంది. దానికి బదులు, ముందు జరిగే పనికి ముడి వేశాను. పిల్లల దుప్పటి సర్దగానే, ప్రశ్నలు జవాబులు రాసుకున్న కార్డుల డబ్బా తీయాలి. బస్సు పెద్దమ్మగడ్డ దాటగానే కళ్ళు మూసుకోవాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1999లో దీని గురించి రాశారు: ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే అనుకున్నవాళ్ళు, ఊరికే చేస్తాను అనుకున్నవాళ్ళకంటే ఎక్కువగా చేసి చూపిస్తారని. మా ఇంట్లో పనుల టైము రోజూ మారుతుంది, వరస మాత్రం మారదు. అందుకే ఇది మాకు కుదిరింది.

ఆషాఢం వెళ్ళాక

కార్డుల గురించి వివరంగా రాయాలి, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నానో కొలిచాడు. మరపు మొదట్లో చాలా వేగంగా ఉంటుందని, రానురాను నెమ్మదిస్తుందని తేల్చాడు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు దాన్ని డబ్బాల పద్ధతిగా మార్చి పుస్తకం రాశాడు. గుర్తున్న కార్డు తర్వాతి డబ్బాలోకి పోతుంది, గుర్తులేని కార్డు మొదటి డబ్బాకు తిరిగి వస్తుంది. తర్వాతి డబ్బాలను తక్కువసార్లు తెరుస్తాం.

నా దగ్గర నాలుగు స్వీటు డబ్బాలు ఉన్నాయి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది నెలకు. కార్డులకు పాత శుభలేఖలు కత్తిరించాను. ఈ ఇంట్లో ఎప్పటి పెళ్ళి కార్డునూ పారేయరు, దండిగా ఉన్నాయి. వెనకవైపు తెల్లగా, మందంగా ఉంటాయి, పెన్ను ఊరదు.

మొదట రాసిన కార్డులు ఇలా ఉండేవి: ఒకవైపు '610 జీవో', రెండోవైపు '1985 డిసెంబరు 30'. ఇవి రెండో డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చేవి. తేదీకి పట్టుకోవడానికి ఏమీ లేదు మరి. పేపర్-4 మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 1948 నుంచి 1970 దాకా ఒక దశ, 1971 నుంచి 1990 దాకా ఒకటి, 1991 నుంచి 2014 దాకా ఇంకొకటి. ఇందులో ఏ సంఘటనా ఒంటరిగా జరగలేదు. కాబట్టి కార్డులనూ గొలుసుగా మార్చాను. ఒకవైపు 'ముందు ఏం జరిగింది, ఎందుకు?', రెండోవైపు జవాబు.

ఒక గొలుసు రాసి చూపిస్తాను. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలు, ఉద్యోగానికి పదిహేనేళ్ళ నివాసం. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, అదే ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఒప్పందం అమలు కావడం లేదని 1969 ఉద్యమం. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు. ఆ తీర్పుకు వ్యతిరేకంగా, ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం. రెండు ప్రాంతాలను సర్దడానికి 1973లో ఆరు సూత్రాల పథకం. దానికి రాజ్యాంగ బలం ఇవ్వడానికి 32వ సవరణ, 371-డి అధికరణం. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్లు, స్థానికుల కోటా. ఆ ఉత్తర్వులను ఉల్లంఘించి చేసిన నియామకాలను సరిచేయడానికి 1985లో 610 జీవో, స్థానికేతరులను 1986 మార్చి 31 లోపు సొంత జోన్లకు పంపాలని. ఇప్పుడు ఒక కార్డు తీస్తే దాని ముందుదీ వెనకదీ కూడా వచ్చేస్తున్నాయి. తేదీ మరచిపోయినా, తీర్పు తర్వాత, ఉత్తర్వులకు ముందు అని లెక్క కట్టి ఆప్షన్లలోంచి పట్టుకోవచ్చు. నెగెటివ్ లేని పరీక్షలో ఇది చాలా పెద్ద లాభం.

రోజుకు పది కొత్త కార్డుల కంటే ఎక్కువ రాయకూడదని నియమం పెట్టుకున్నాను. కొత్తవి రాయడం సులువు, ఉత్సాహంగా కూడా ఉంటుంది. కానీ ఈ రోజు రాసినవన్నీ రేపు మొదటి డబ్బాలో కూర్చుంటాయి. రాత్రి ముప్పావుగంటలో తిప్పగలిగినన్నే ఉండాలి. కరెక్షన్ ఉన్న రోజుల్లో కొత్తవి అసలు వద్దు, పాతవే.

ఆగస్టు, శ్రావణ శుక్రవారాల మధ్య

ఇంతవరకు నేను మార్చినవి నా చేతిలో ఉన్నవి. మిగిలినవి ఇంటివాళ్ళ చేతిలో ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నోటుబుక్కు అందరి ముందూ పెట్టాను. ఎవరు ఎప్పుడు పిలిచారు అన్న గడి చూపించాను. తప్పు పట్టడానికి కాదు, ఏ పిలుపు ఆగగలదు, ఏది ఆగదు అని అందరం కలిసి చూడటానికి.

అత్తమ్మే మొదట మాట్లాడింది. "నాకు ఏడింటికల్లా తినాలె బిడ్డా, గోలీ ఏసుకుంట గదా. అదొక్కటి తప్ప నీ చదువుకు నేను అడ్డం రాను."

"నల్లా నేను చూసుకుంట," అన్నారు మా ఆయన. "రాత్రి లేటైతది గానీ పొద్దున నేనున్న కదా. నువ్వు లేవనియ్యవు, అంతే."

"రాత్రి పదకొండుకు పడుకుంటారు మీరు. ఐదున్నరకు లేపితే ఎట్ల?"

"రోజు విడిచి రోజే కదా. నీళ్ళు పట్టి మళ్ళ ఒక గంట పడుకుంట."

అలా నల్లా పని ఆయన చేతికి వెళ్ళింది. నల్లా ఉన్న పొద్దుటిపూట కూడా నాకు ఆరు దాకా దక్కింది. రెండు టైంటేబుళ్ళు ఒకటైపోయాయి. నోటుబుక్కు లేకుండా ఊరికే సాయం చేయమని అడిగి ఉంటే ఇంత కచ్చితంగా తేలేది కాదు. ఏ పని, ఏ టైము, ఎంతసేపు అన్నది కాగితం మీద ఉండటం వల్ల మాట తేలిగ్గా తెగింది.

పిల్లలకు వేరే ఏర్పాటు. సాయంత్రం నేను వాళ్ళ హోంవర్కు దగ్గర కూర్చున్నప్పుడు, వాళ్ళ పని అయిపోయాక కార్డులు వాళ్ళు పట్టుకొని నన్ను అడుగుతారు. బిడ్డ కచ్చితంగా ఉంటుంది, సగం జవాబు చెబితే ఒప్పుకోదు. ఒకరోజు అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంది. బిడ్డ 1969 కార్డు తీసింది. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర మొదలైన అసంతృప్తి, ఖమ్మంలో నిరాహార దీక్ష, విద్యార్థులు రోడ్డెక్కడం అని నేను వరసగా చెబుతున్నాను.

"ఆ ఏడే మా బడి మూసిండ్రు," అంది అత్తమ్మ. "మళ్ళ ఎప్పుడు తెరిచిండ్రో ఏమో, నేనైతే పోలే. పొలం పనికి తోలిండ్రు. ఐదో తరగతి కాడనే నా సదువు ఆగింది."

ఆ సంవత్సరం బడులు, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయన్నది నేను పుస్తకంలో చదివిన వాక్యం. ఆ వాక్యం మా ఇంట్లోనే ఇన్నేళ్ళుగా ఉందని నాకు తెలియదు. అప్పటినుంచి పేపర్-4 కార్డులు అత్తమ్మే పట్టుకుంటుంది. కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె నెమ్మదిగా చదువుతుంటే నాకు ఆలోచించే టైము దొరుకుతుంది, ఆమెకూ ఇష్టంగా ఉంది. నేను లెక్కలోంచి తీసేసిన సాయంత్రం ఇలా రివిజన్‌కు తిరిగి వచ్చింది.

సెప్టెంబరు

కొలత గురించి. ఎన్ని గంటలు చదివాను అన్నది రాయడం మానేశాను. గంటలు రాసుకుంటే గంటలే పెరుగుతాయి. ఇప్పుడు వారానికోసారి రెండే రాస్తున్నాను: మూడో డబ్బాలోంచి నాలుగో డబ్బాలోకి ఎన్ని కార్డులు వెళ్ళాయి, ఆదివారం మోడల్ పేపర్లో ఏ భాగంలో ఎన్ని వచ్చాయి. మొదటిది జ్ఞాపకం సంగతి చెబుతుంది, రెండోది ఆ జ్ఞాపకం ప్రశ్న ముందు పనిచేస్తోందా అన్నది చెబుతుంది.

మోడల్ పేపర్లు ఆదివారం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో రాస్తున్నాను. ఒక వారం పొద్దున 10 నుంచి 12.30, ఇంకో వారం మధ్యాహ్నం 3 నుంచి 5.30. అసలు పరీక్ష టైములే. నాకు మధ్యాహ్నం మూడింటికి మెదడు మందంగా ఉంటుందని ఇక్కడే గమనించాను. పేపర్-1లో పొద్దున రాసినప్పుడు పడే రీజనింగ్ బిట్లు మధ్యాహ్నం పడటం లేదు. అసలు పరీక్షలో రోజుకు రెండు పేపర్లు, రెండోది ఆ వేళకే. అందుకని మధ్యాహ్నం పరీక్ష రాసే వారాల్లో అన్నం తక్కువ తిని, పెరుగన్నంతో సరిపెట్టి, రెండున్నరకు పది నిమిషాలు నడుస్తున్నాను. తేడా కనపడుతోంది. ఓఎంఆర్ షీటు కూడా నిజంగా దిద్దుతాను, జిరాక్సు తీసి పెట్టుకున్నాను. 150 గుండ్రాలు దిద్దడానికే ఎంత టైము పోతుందో చేతికి తెలియాలి.

సాయంత్రం వీలైన రోజు భద్రకాళి చెరువు కట్ట మీద నడక. పిల్లలనూ తీసుకుపోతాను. కుర్చీలో కూర్చొని నడుము పట్టేస్తే ఏ టైంటేబులూ నిలవదు, అందుకే దీన్ని చదువులో భాగంగానే రాస్తున్నాను.

బతుకమ్మ సెలవులు

ఎంగిలిపూల నాటినుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండుగ. బడి సెలవులు. సెలవుల్లో ఎక్కువ చదవొచ్చని బయటివాళ్ళు అంటారు. నిజానికి నా దినచర్యలో సగం పనులు బడికి ముడిపడి ఉన్నాయి: బస్సు, లీజర్ పీరియడ్, పాఠం తయారీ. బడి లేకపోతే అవన్నీ ఊడిపోతాయి. పైగా ఆడబిడ్డలు వచ్చారు, పూలు తేవాలి, పేర్చాలి, సత్తుపిండి చేయాలి, సాయంత్రం ఆడాలి. ఈ పండుగను నేను చదువు కోసం వదులుకోను. నా బిడ్డ బతుకమ్మ పేర్చడం నేర్చుకునేది ఈ రోజుల్లోనే.

అందుకే ముందే ఒక కనీస రోజు తయారు చేసి పెట్టుకున్నాను. ఇల్లు ఎంత నిండా ఉన్నా చేయగలిగినంతే: మొదటి డబ్బా ఒకసారి తిప్పడం, పది రీజనింగ్ బిట్లు. రెండూ కలిపి అరగంట. కొత్త కార్డులు లేవు, కొత్త పాఠం లేదు. పొద్దున పూలకు పోకముందే అయిపోవాలి.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లను గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించింది. 21 రోజుల్లో అలవాటు పడుతుందని అందరూ చెబుతుంటారు కదా, వాళ్ళకు తేలింది అది కాదు. సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరితే, కొందరికి 254 దాకా పట్టే లెక్క వచ్చింది. అలవాటు పడే క్రమంలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా వాళ్ళు గమనించారు. ఇది ఇంట్లో బాధ్యతలున్న ప్రతి మనిషికీ తెలియాల్సిన సంగతి. పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజు చదవకపోతే అంతా పోయినట్టు కాదు. మరుసటి రోజు డబ్బా తెరిస్తే చాలు.

సద్దుల బతుకమ్మ రోజు మాత్రం కనీస రోజు కూడా పెట్టుకోలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా పండుగే. దసరా తెల్లారి డబ్బా తెరిస్తే మొదటి డబ్బా కార్డులు కొన్ని గుర్తులేవు, మూడో డబ్బావి దాదాపు అన్నీ ఉన్నాయి. లోపలికి వెళ్ళినవి పండుగను తట్టుకున్నాయి.

నవంబరు

దీపావళి తర్వాత సమ్మేటివ్ పరీక్షలు వచ్చాయి. మా బడిలో ఆ వారం నుంచి కరెక్షన్, మార్కుల నమోదు, తల్లిదండ్రుల మీటింగులు. రాత్రి ముక్క పూర్తిగా పోయింది. ఇది ముందే తెలిసిన విషయం కాబట్టి కనీస రోజు పద్ధతినే వాడాను, పొద్దుటి పేపర్-3 గంట మాత్రం ముట్టుకోలేదు. ఇలాంటి వారాలు ఏడాదిలో ఎప్పుడెప్పుడు వస్తాయో స్కూలు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీసి పెట్టాను. ఆ వారాల్లో కొత్త అధ్యాయం మొదలుపెట్టను.

ఇప్పటి సంగతి. పేపర్-4 గొలుసులు 1948 నుంచి 2014 జూన్ 2 దాకా పూర్తిగా కార్డుల మీద ఉన్నాయి. పేపర్-2లో రాజ్యాంగం భాగం బాగుంది. సామాజిక నిర్మాణం, ప్రజా విధానాల భాగం ఇంకా పలచగా ఉంది, అది బడి పాఠాల్లో రాదు కాబట్టి దానికి విడిగా టైము ఇవ్వాలి. పేపర్-3 నెమ్మదిగా, కానీ గట్టిగా వస్తోంది. పేపర్-1లో కరెంట్ అఫైర్స్‌కు ఇంతవరకు స్థలం లేదు. దాన్ని మా ఆయన షాపుకు మార్చాం. మధ్యాహ్నం గిరాకీ తక్కువ ఉన్నప్పుడు ఆయన పేపరు చదివి, పరీక్షకు పనికొచ్చేవి అనిపించినవి గీత గీసి తెస్తున్నారు. రాత్రి అన్నం తినేటప్పుడు వాటిని ఆయనే చదివి వినిపించాలని మొదట అనుకున్నాం. ఆయన అన్నం తినేది పదిన్నర తర్వాత. నేను పడుకునేది 10.15కు. ఈ రెండూ కుదరక, ఇప్పుడు పొద్దున టీ దగ్గర వింటున్నాను.

డిసెంబరులో చేయాల్సినవి: సామాజిక నిర్మాణానికి వారానికి రెండు పొద్దుటిపూటలు పేపర్-3 నుంచి తీసి ఇవ్వడం, నాలుగో డబ్బా నిండిపోయింది కాబట్టి ఐదోది పెట్టి దాన్ని రెండు నెలలకోసారి తెరవడం, బేసిక్ ఇంగ్లిష్ బిట్లను బిడ్డతో కలిసి చేయడం, ఆమెకూ బడిలో అదే గ్రామర్ నడుస్తోంది. సంక్రాంతి సెలవుల్లో వరసగా రెండు రోజులు, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటిగా, నాలుగు పేపర్లూ అసలు టైములోనే గ్రంథాలయంలో రాస్తాను. ఆ రెండు రోజులకు మా ఆయన షాపులో సెలవు చెప్పేశారు. వంట ఆయనదీ అత్తమ్మదీ.